ఎగిరే కాళ్లు: 2వ పాఠం – ముందు దిగడం

అలిపిరి నుంచి కొండెక్కినవాళ్లకు తెలుసు. 3,550 మెట్లూ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. కానీ నడిచే కిందికి దిగినవాళ్లకు మర్నాడు కుర్చీలో కూర్చోవాలన్నా తొడలు పట్టేసి ఉంటాయి. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువును ఆపుతుంది. ఎగిరాక నేల మీద దిగేటప్పుడు కూడా కావాల్సింది ఇదే. ఈ ఆపే బలమే ఈ వారం మన పాఠం.

పోయిన వారం చెప్పిన రెండూ వచ్చాయా? ఒంటికాలి మీద 30 సెకన్లు, మడమలు లేవకుండా 10 గుంజీలు. రానివాళ్లు ఇంకో వారం అవే చేయండి.

ఫుట్‌బాల్‌లో హెడర్‌కి, అంటే బంతిని తలతో కొట్టడానికి, ఎగిరిన పిల్లాడి తల బంతికి తగిలిందా లేదా అని అందరూ చూస్తారు. నేను వాడి మోకాళ్లు చూస్తాను. ఎవరూ గుద్దకుండానే మోకాలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే పట్టీ) తెగడం ఎక్కువగా దిగేటప్పుడో, పరుగు ఆపేటప్పుడో, చటుక్కున తిరిగేటప్పుడో జరుగుతుంది. ఆడపిల్లలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అమ్మాయిల టీమ్‌కు నేర్పేవాళ్లు ఈ పాఠాన్ని అస్సలు దాటేయొద్దు.

జానెడు ఎత్తున్న మెట్టు చాలు. కింద మట్టి గానీ గడ్డి గానీ ఉండాలి, సిమెంటు వద్దు. మెట్టు మీద నుంచి దూకకండి, అడుగు ముందుకేసి జారినట్టు దిగండి. రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకాలి. ముందు మునివేళ్ల వైపు, వెంటనే మడమ. తుంటి వెనక్కి, మోకాళ్లు వంచి, 3 సెకన్లు బొమ్మలా ఆగండి. మోకాళ్లు రెండూ ఒకదానివైపు ఒకటి వాలితే తప్పు. అవి పాదాల వేళ్ల వైపే చూడాలి. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసుకుంటే మీకే కనిపిస్తుంది.

చప్పుడు కూడా వినండి. 'ధబ్' మంటే బరువు ఎముకల మీద పడినట్టు. పిల్లి దిగినట్టు ఉండాలి.

5 సార్లు చేసి ఒక నిమిషం విశ్రాంతి, అలా 4 విడతలు. వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం 48 గంటలు. ఎండాకాలంలో పొద్దున ఏడు గంటల లోపే ముగించండి. కొండ నడిచి దిగివచ్చిన మర్నాడు అసలొద్దు.

పెద్ద బాక్సుల మీద నుంచి దూకి మళ్లీ ఎగిరే వీడియోలు మీరూ చూసే ఉంటారు. 1960లలో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖొషాన్‌స్కీ ఆ పద్ధతిని తీర్చిదిద్దింది అప్పటికే బాగా బలమున్న అథ్లెట్ల కోసం. పద్నాలుగేళ్ల పిల్లలకు అది కాదు. నాకు పదిహేనేళ్లప్పుడు మోకాలి చిప్ప కింద బొడిపె లేచి నొప్పి పెట్టేది. అదే పోతుందిలే అని సిమెంటు మీదే ఎగిరించారు. ఆ ఏడాదంతా ఆట పోయింది. ఎదిగే వయసులో అక్కడ నొప్పి వస్తే గెంతులు ఆపి డాక్టరుకు చూపించండి. మీ పిల్లలు నొప్పి అంటే నమ్మండి.

వీధిలో తొక్కుడుబిళ్ల ఆడిన పిల్లలకు ఇదంతా తొందరగా పట్టుబడుతుంది. ఇంట్లో చెల్లెళ్లుంటే సాయంత్రం వాళ్లతో ఆడండి, సిగ్గుపడకండి.

వచ్చే వారం దీనికి పూర్తిగా వ్యతిరేకం: నేలను తాకీ తాకగానే లేవడం. స్కిప్పింగ్ తాడు సిద్ధంగా ఉంచుకోండి. ఈలోగా మీరు 20 సార్లు దిగినదాంట్లో చప్పుడు లేనివి ఎన్నో, చేసిన రోజల్లా నోట్‌బుక్‌లో రాయండి. ఆ లెక్క 16 దాటాకే తాడు పట్టండి.