అకౌంట్లు తెరిచే స్క్రిప్టు నడిపే ముందు

పోయిన వారం నాకు తెలిసిన ఒక చోట రెండు వందల మందికి ఒకేసారి లినక్స్ అకౌంట్లు తెరిచారు. స్క్రిప్టు చక్కగా నడిచింది, ఒక్క ఎర్రర్ రాలేదు. సాయంత్రానికి మాత్రం సగం మంది పాస్‌వర్డ్‌లు ఒక కుర్రాడి నోట్‌బుక్‌లో ఉన్నాయి. హ్యాకింగ్ లాంటిదేమీ చేయలేదతను. తన మామూలు లాగిన్‌లోనే కూర్చుని 'పీఎస్ మైనస్ ఈఎఫ్' (ఆ క్షణంలో ఏమేం నడుస్తున్నాయో చూపే కమాండ్) కొడుతూ పోయాడంతే. స్క్రిప్టు పేరు, పక్కన యూజర్ పేరు, ఆ పక్కనే పాస్‌వర్డ్. ప్రతి హోమ్ డైరెక్టరీలోకీ బోలెడు ఫైళ్లు కాపీ అవుతున్నాయి కాబట్టి, ఒక్కో వరుస తీరిగ్గా రాసుకునేంత సేపు నిలిచింది.

బ్యాకప్ తీసుకోండి, సర్వాధికారాలున్న రూట్ అకౌంట్‌తో జాగ్రత్త లాంటివి మీకు తెలుసు, వదిలేస్తున్నాను. నేను చూసినంతలో కొంప ముంచేది ఒక్కటే: పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్ మీద పెట్టడం.

ఒక కమాండ్‌కు పక్కన ఏం రాసినా కెర్నల్ (లినక్స్ గుండెకాయ) దాన్ని, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ డైరెక్టరీలో చూపిస్తుంది. ప్రత్యేకంగా దాచమని చెప్పకపోతే అది అందరికీ కనిపిస్తుంది. పైగా మీరు చేత్తో టైప్ చేసి ఉంటే షెల్ హిస్టరీలో మిగులుతుంది. సుడో పెట్టి, అంటే రూట్ అధికారంతో, నడిపితే కమాండ్ మొత్తం లాగ్‌లోకి ఎక్కుతుంది. స్క్రిప్టు చెరిపేసినా ఈ జాడలు పోవు.

దీనికి తోబుట్టువు, అకౌంటు తెరిచే 'యూజర్‌యాడ్ మైనస్ పి'. ఆ మైనస్ పి అడిగేది పాస్‌వర్డ్ కాదు, దాని హాష్, అంటే వెనక్కి తిప్పలేని గజిబిజి రూపం. ఉత్త పాస్‌వర్డ్ ఇస్తే అదే, హాష్‌లుండే షాడో ఫైల్లో, యథాతథంగా కూర్చుంటుంది. యూజర్ లాగిన్ కాలేడు, పాస్‌వర్డ్ మాత్రం బట్టబయలుగా బ్యాకప్‌లలోకి పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి. సరే హాష్ చేద్దామని, దాన్ని తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పక్కన పాస్‌వర్డ్ రాస్తారు కొందరు. మళ్లీ కమాండ్ లైనే కదా!

'సీహెచ్‌పాస్‌డబ్ల్యూడీ' వాడండి. యూజర్ పేరు, కోలన్, పాస్‌వర్డ్ ఉన్న వరుసల్ని అది స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి, అంటే కమాండ్ పక్కన కాకుండా లోపలికి పంపిన టెక్స్ట్‌లోంచి, చదువుకుంటుంది. బాష్‌లో ప్రింట్‌ఎఫ్ షెల్‌లోనే ఉంటుంది, వేరే ప్రోగ్రామ్‌గా లేవదు. అందుకే అది అచ్చేసే టెక్స్ట్‌ను సీహెచ్‌పాస్‌డబ్ల్యూడీలోకి పైప్ చేస్తే పీఎస్‌కు ఏమీ చిక్కదు. అదే ప్రింట్‌ఎఫ్‌ను 'సుడో ఎస్‌హెచ్ మైనస్ సి' కోట్లలో ఇరికించారో, పాస్‌వర్డ్ తిరిగి కమాండ్ లైన్ మీదకు వచ్చినట్టే.

స్క్రిప్టు చదివే పేర్ల, పాస్‌వర్డ్‌ల ఫైలు సంగతి. విండోస్‌లో తయారైన ఫైల్లో ప్రతి వరుస చివరా కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది. అది పాస్‌వర్డ్‌కు తోకలా అతుక్కుంటుంది, యూజర్ ఎన్నిసార్లు సరిగ్గా కొట్టినా తప్పే అంటుంది. ఒకసారి పూటంతా టెన్షన్ పడ్డాక 'క్యాట్ మైనస్ పెద్ద ఏ' (-A) కొడితే చివర టోపీ గుర్తు, ఎం (^M) కనిపించాయి. ముందే తీసేయండి. వరుసల్ని చదివే రీడ్‌కు మైనస్ ఆర్ ఇవ్వండి, లేకపోతే బ్యాక్‌స్లాష్‌లు మింగేస్తుంది. చివరి వరుస తర్వాత ఎంటర్ లేకపోతే వైల్ లూప్ ఆ ఆఖరి మనిషిని వదిలేస్తుంది.

ఇక వరసగా చెబుతాను, పాటించండి.

అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టొద్దు. పేరు పక్కన 123 తగిలించడం కూడా అదే బాపతు.

షెల్ ఇచ్చే రాండమ్ వేరియబుల్‌తో పాస్‌వర్డ్ కట్టొద్దు. దాంట్లోంచి రాగలవి 32,768 సంఖ్యలే. కెర్నల్ యాదృచ్ఛిక డేటా ఇచ్చే యురాండమ్ నుంచి తీసుకోండి.

మొదటి లాగిన్‌లోనే మార్చుకునేలా 'ఛేజ్ (chage) మైనస్ డి సున్నా' పెట్టండి.

స్క్రిప్టు మొదట్లోనే యుమాస్క్ 077 పెట్టండి, అది సృష్టించే ఫైళ్లు ఇతరులకు తెరుచుకోవు.

డీబగ్గింగ్‌కు పెట్టిన 'సెట్ మైనస్ ఎక్స్' తీశారా? మళ్లీ చూడండి. అది పాస్‌వర్డ్‌లన్నిటినీ తెర మీదా లాగ్‌లోనూ అచ్చేస్తుంది.

యూజర్‌మాడ్‌లో (అకౌంటు మార్చే కమాండ్) మైనస్ పెద్ద జి (-G) ఒక్కటే ఇవ్వొద్దు, మైనస్ చిన్న ఏ (-a) కూడా ఉండాలి. లేదంటే పాత అదనపు గ్రూపులన్నీ ఊడతాయి. అందులో మీ సుడో గ్రూపు కూడా ఉండొచ్చు.

యూజర్ పేరు ఖాళీగా వస్తే స్క్రిప్టు అక్కడికక్కడే ఆగాలి. హోమ్ పక్కన ఖాళీ వేరియబుల్‌తో, ఫైళ్లు చెరిపే ఆర్‌ఎం నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పాస్‌వర్డ్‌ల ఫైలు గిట్‌లో (మార్పుల చరిత్రంతా దాచే చోటు) పెట్టొద్దు. ఒక్క నిమిషమైనా సరే.

ఉత్తుత్తి అకౌంట్లు మూడింటితో ముందు నడపండి. నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో, మామూలు యూజర్‌గా, పీఎస్ కొట్టి చూడండి. పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం కనపడినా స్క్రిప్టు ఆపండి.