ఘర్షణ ఉన్న లెక్కలో శక్తి నిత్యత్వాన్ని ఎలా వాడాలి?

లెక్కలో ఘర్షణ అనే మాట కనిపించగానే "ఇక శక్తి నిత్యత్వం పనికిరాదు" అని చాలామంది విద్యార్థులు తేల్చేస్తారు. అది సగమే నిజం. ఘర్షణ వల్ల యాంత్రిక శక్తి వేడిగా మారాలంటే రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారాలి. జారకుండా పట్టి ఉంచే స్థైతిక ఘర్షణ వేడి పుట్టించదు. కాబట్టి ఘర్షణ ఉందా అని చూసే ముందు, అసలు జారుడు ఉందా అని చూడాలి.

ఒకే లెక్కను పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 30 డిగ్రీల వాలుతలం మీద 1.2 మీటర్ల ఎత్తులో 2 కిలోల ఘన స్థూపం నిశ్చలంగా ఉంది. వదిలేస్తే జారకుండా దొర్లుతూ కిందికి వస్తుంది. అడుగుకు చేరేసరికి దాని వేగం ఎంత? గురుత్వ త్వరణం 10 అనుకుందాం.

1. తాకే చోటును చూడండి

స్థూపం కేంద్రం వాలు వెంట కిందికి కదులుతోంది. అదే సమయంలో స్థూపం తిరుగుతోంది కూడా. ఆ తిరుగుడు వల్ల అడుగున ఉన్న బిందువుకు వెనక్కి వేగం వస్తుంది. జారకుండా దొర్లేటప్పుడు ఈ రెండు వేగాలూ సరిగ్గా సమానం, దిశలు వ్యతిరేకం. అంటే తలాన్ని తాకుతున్న బిందువు ఆ క్షణంలో కదలడం లేదు. ఘర్షణ బలం పనిచేసేది ఆ బిందువు మీదే. కదలని బిందువు మీద పనిచేసే బలం చేసే పని సున్నా. ఇది బాగా తలకెక్కితే మిగతా లెక్కంతా సులువు.

2. ఘర్షణ విలువను ముందే వేసేయకండి

పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో (తలం వస్తువును లంబంగా నెట్టే బలంతో) గుణిస్తే వచ్చేది స్థైతిక ఘర్షణకు గరిష్ఠ హద్దు. అసలు ఘర్షణ ఆ హద్దు లోపల ఎంతైనా ఉండొచ్చు, జారకుండా ఆపడానికి ఎంత కావాలో అంతే ఉంటుంది. దాని విలువను చలన సమీకరణాల నుంచే రాబట్టాలి.

3. శక్తి సమీకరణం రాయండి

మొదట ఉన్నది స్థితిజ శక్తి మాత్రమే: 2 × 10 × 1.2 = 24 జౌల్స్. అడుగున ఇది రెండు వాటాలుగా ఉంటుంది. ఒకటి ముందుకు కదలడం వల్ల వచ్చే గతిజ శక్తి, రెండోది తిరగడం వల్ల వచ్చేది. ఘన స్థూపానికి జడత్వ భ్రామకం (తిరుగుడులో మార్పును వస్తువు ఎంత అడ్డుకుంటుందో చెప్పే విలువ) ద్రవ్యరాశిని వ్యాసార్ధ వర్గంతో గుణిస్తే వచ్చేదానిలో సగం. అందువల్ల జారకుండా దొర్లినంతసేపూ తిరుగుడు శక్తి మొదటి వాటాలో సగమే. 24ని 2:1గా పంచితే 16, 8 వస్తాయి. 2 కిలోల వస్తువుకు 16 జౌల్స్ అంటే వేగం సెకనుకు 4 మీటర్లు. వ్యాసార్ధం ఎంతో తెలియాల్సిన అవసరమే రాలేదు, గమనించండి.

అదే ఎత్తు నుంచి ఘర్షణ లేని తలం మీద దిమ్మె జారితే వేగం సుమారు 4.9 ఉంటుంది. స్థూపం వేగం తగ్గింది కాబట్టి ఘర్షణ శక్తిని తినేసిందని అనుకోవద్దు. 8 జౌల్స్ ఎక్కడికీ పోలేదు, తిరుగుడులో ఉన్నాయి.

4. మరి ఘర్షణ చేసిందేమిటి?

నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే భాగం ఇదే. చలన సమీకరణాలు రాస్తే ఇక్కడ త్వరణం 3.33, ఘర్షణ బలం కూడా 3.33 న్యూటన్లే వస్తుంది. వాలు పొడవు 2.4 మీటర్లు. ఘర్షణ వాలు పైవైపుకు పనిచేస్తూ కేంద్రం కదలికను అడ్డుకుంటుంది, ఆ లెక్కలో 3.33 × 2.4 = 8 జౌల్స్ తగ్గిస్తుంది. అదే ఘర్షణ టార్క్‌గా, అంటే తిప్పే ప్రభావంగా, స్థూపాన్ని తిప్పుతూ సరిగ్గా 8 జౌల్స్ కలుపుతుంది. ఒక ఖాతాలో తీసి ఇంకో ఖాతాలో వేసిందన్నమాట. మొత్తం పని సున్నా.

5. జారదని నిర్ధారించుకోండి

అభిలంబ బలం 17.3 న్యూటన్లు. కావాల్సిన ఘర్షణ 3.33. కాబట్టి ఘర్షణ గుణకం కనీసం 0.19 ఉండాలి. అది 0.4 అయితే హద్దు 6.9 దాకా వెళ్తుంది, ఇబ్బంది లేదు, కానీ ఘర్షణ మాత్రం 3.33 దగ్గరే ఉంటుంది.

గుణకం 0.1 మాత్రమే అయితే స్థూపం జారుతూ దొర్లుతుంది. అప్పుడు ఘర్షణ 1.73 న్యూటన్లు, త్వరణం 4.13. అడుగున ముందుకు కదిలే శక్తి దాదాపు 19.8 జౌల్స్, తిరుగుడు శక్తి 1.7. రెండూ కలిపితే 24కి సుమారు 2.4 తక్కువ. ఆ 2.4 జౌల్స్ వేడిగా మారాయి. సరిచూసుకోవాలంటే ఘర్షణ బలాన్ని స్థూపం జారిన దూరంతో, అంటే దాదాపు 1.4 మీటర్లతో గుణించండి, అదే సంఖ్య వస్తుంది. నిజ జీవితంలో వస్తువు, తలం కొద్దిగా నొక్కుకుపోవడం వల్ల దొర్లేటప్పుడూ కాస్త శక్తి పోతుంది, కానీ పాఠ్యపుస్తకం లెక్కల్లో దాన్ని వదిలేస్తారు.

6. తాకే తలమే కదులుతుంటే

స్థైతిక ఘర్షణ పని ఎప్పుడూ సున్నాయే అని కంఠతా పట్టకండి. లారీలో 10 కిలోల పెట్టె ఉంది. లారీ 2 m/s² త్వరణంతో బయలుదేరింది, పెట్టె జారలేదు. నేల మీద నిలబడి చూసేవారికి, లారీ 5 మీటర్లు వెళ్లేసరికి 20 న్యూటన్ల ఘర్షణ పెట్టెకు 100 జౌల్స్ ఇచ్చింది. పెట్టె కూడా లారీని అంతే బలంతో వెనక్కి నెడుతుంది కాబట్టి లారీ మీద ఆ పని మైనస్ 100. పెట్టెను ఒక్కదాన్నే తీసుకుంటే ఆ 100ని లెక్కలో చూపించాలి. పెట్టె, లారీ కలిపి ఒకే వ్యవస్థగా తీసుకుంటే ఘర్షణ పదం దానంతటదే రద్దవుతుంది, పెట్టెకు చేరిన శక్తి ఇంజన్ నుంచి వచ్చిందని తేలుతుంది.