మూడడుగుల ట్యాంకులో ఎవరి పక్కన ఎవరు

రోజూ పొద్దున మా అక్వేరియంలో మేత వేసేటప్పుడు నియాన్ టెట్రాలనే చిన్న చేపలను లెక్కపెట్టడం మా అమ్మాయి పని. పది ఉండాలి. ఒకరోజు తొమ్మిదే ఉన్నాయంది. మొక్కల వెనక ఎక్కడో ఉంటుందిలే అన్నాను. ఇంకో వారానికి "నాన్నా, ఏడే ఉన్నాయి" అంటూ వచ్చింది. చచ్చిన చేప పైకి తేలలేదు, ఫిల్టర్ దగ్గర ఇరుక్కోలేదు, బయటికి దూకి నేల మీదా పడలేదు. ఆ రాత్రి లైటు ఆర్పిన రెండు గంటలకు టార్చి వేసి చూశాను. పెద్ద ఏంజెల్ ఫిష్ మొక్క పక్కన కదలకుండా నిలబడి ఉంది. దాని నోట్లోంచి నియాన్ వెనక సగం, ఆ ఎర్రటి చారతో సహా, బయటికి కనబడుతోంది.

ఏంజెల్ తప్పేమీ లేదు. కొన్నప్పుడు దాని ఒళ్లు బొటనవేలి గోరంత. పూర్తిగా పెరిగితే 15 సెంటీమీటర్ల పొడవు, రెక్కలతో కలిపి 20 సెంటీమీటర్లకు పైగా ఎత్తు వస్తుంది. నియాన్ 3, 4 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నోట్లో పట్టే చేపను తినడం ఏంజెల్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. నేను రెండు పిల్లల్ని చూసి ముచ్చటపడి తెచ్చాను, అవి ఏమవుతాయో అడగలేదు. అప్పటినుంచి ఏ చేపనైనా కొనేముందు మొదట అడిగేది ఒక్కటే: ఇది పెద్దయ్యాక ఎంత ఉంటుంది, అప్పుడు దాని నోరు ఎంత?

షాపులో కనిపించేవి దాదాపు అన్నీ పిల్లలే. అద్దం నాకుతూ ముద్దుగా ఉండే మామూలు ప్లెకో 30 సెంటీమీటర్లు దాటుతుంది. బాలా షార్క్ కూడా ఆ దరిదాపులకే వస్తుంది. షార్క్ అని పేరు పెట్టి అమ్మే పంగాసియస్ అయితే మీటరు దాటే చేప. ఆస్కార్, క్లౌన్ లోచ్ కూడా ఇలాంటివే. ఇక్కడ నేను మాట్లాడుతున్నది మూడడుగుల పొడవు, అడుగుంపావు చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకు గురించి. ఇసుక, రాళ్లు పోగా అందులో 110 నుంచి 120 లీటర్ల నీళ్లు పడతాయి. పైన చెప్పిన చేపల్లో ఏదీ దీనికి సరిపోదు. "పెరిగాక చూద్దాంలే" అనుకోవద్దు. పెరిగిన ప్లెకోను తీసుకునేవాళ్లు దొరకడం చాలా కష్టం.

చేపల జాబితా రాసుకునే ముందు మీ నీళ్ల సంగతి తెలుసుకోండి. ఒక టెస్ట్ కిట్‌తో పీహెచ్, కాఠిన్యం చూడండి. నీళ్లు కాచే గిన్నెలో తెల్లటి పొర కడుతుంటే మీది కఠిన జలం అని కిట్ చెప్పకముందే అర్థమవుతుంది. అలాంటి నీళ్లయితే గప్పీ, ప్లాటీ, మోలీలు హాయిగా బతుకుతాయి. అదే మెత్తటి నీళ్లలో మోలీ కొన్నాళ్లకు ఉన్నచోటే ఒళ్లు ఊపుతూ నిలబడిపోతుంది. ముందుకు ఈదదు, తిండి మీద ధ్యాస ఉండదు. టెట్రాలు, రాస్బోరాలలో చాలావాటికి మెత్తటి నీళ్లు, 7కు అటూ ఇటూ పీహెచ్ నచ్చుతాయి. ఫారాల్లో పెంచినవి కొంత కాఠిన్యాన్ని తట్టుకుంటాయి కాబట్టి మరీ టెన్షన్ పడక్కర్లేదు. కానీ సీసాల్లో అమ్మే మందు పోసి పీహెచ్ మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు. ఈరోజు దిగుతుంది, రెండు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. చేపను చంపేది ఆ ఎక్కడం, దిగడమే. నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకోవడమే సుఖం.

వేడి విషయంలో అందరికీ కుదిరే అంకె 25 డిగ్రీలు. దీనికి పొసగనివాటిని పక్కన పెట్టండి. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి. పైగా అది పెద్దగా పెరుగుతుంది, ట్యాంకును బాగా మురికి చేస్తుంది. డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. ఈ రెండూ మంచి చేపలే, కానీ కలిపి పెంచే ట్యాంకుకు కాదు.

ఇక అసలు విషయం స్వభావం. దీని గురించే కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొలతలన్నీ సరిపోయినా ఇక్కడే చెడుతుంది. టైగర్ బార్బ్‌ను చూడండి. చిన్న చేప, ఎవరినీ మింగలేదు. నా స్నేహితుడొకరు నాలుగు టైగర్ బార్బ్‌లను ఒక గౌరామీతో కలిపి పెట్టాడు. గౌరామీ పొట్ట కింద దారాల్లాంటి రెండు పొడవాటి రెక్కలుంటాయి, వాటితో చుట్టూ తడుముకుంటూ తిరుగుతుంది. మూడో రోజుకే ఆ దారాలు రెండూ మొదలు దాకా తెగిపోయాయి. నేను వెళ్లేసరికి గౌరామీ హీటర్ వెనక దాక్కుని ఉంది. మేత వేసినా బయటికి రాలేదు. వాడు బార్బ్‌లను తీసేద్దామనుకున్నాడు. గౌరామీని వేరే ట్యాంకులోకి మార్చి, ఇంకో ఆరు బార్బ్‌లు వెయ్యమన్నాను. పది అయ్యేసరికి వాటి కీచులాటలన్నీ వాటిలోనే అవి తీర్చుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడది చూడముచ్చటైన బార్బ్ ట్యాంకు. కాబట్టి టైగర్ బార్బ్‌లు కావాలంటే గుంపుగా తెచ్చుకోండి, పొడుగు రెక్కలున్న ఏంజెల్, గౌరామీ, గప్పీ, బెట్టాలను వాటి దగ్గరికి రానీయొద్దు.

గుంపు సంగతి సాధు చేపలకూ అంతే ముఖ్యం. టెట్రా, రాస్బోరా, డానియో, కోరీ, ఏదైనా ఒక్కో రకం ఆరుకు తగ్గకూడదు, ఎనిమిది పది అయితే ఇంకా మేలు. రెండేసి చొప్పున ఐదు రకాలు తెచ్చి రంగులు నింపే ట్యాంకులు చాలా చూశాను. ఆ చేపలు మూలల్లో బిక్కుబిక్కుమంటూ ఉంటాయి, రంగు వెలిసిపోతుంది, లేదంటే ఒకదాన్నొకటి తరుముతుంటాయి. అదే పది హార్లెక్విన్ రాస్బోరాలను ఒకచోట వేస్తే రెండు వారాల్లో ఆ నారింజ రంగు, ఆ నల్లటి త్రికోణం ఎలా తేలతాయో మీరే చూస్తారు. రకాలు తగ్గించి సంఖ్య పెంచమని ఎవరడిగినా చెబుతాను.

కొన్నింటికి గుంపు కాదు, ఏకాంతం కావాలి. రెండు మగ బెట్టాలను కలపకూడదని అందరికీ తెలుసు. కానీ మగ గప్పీ తోకను చూసి కూడా బెట్టా పోటీదారు వచ్చిందనుకుంటుంది. గౌరామీలు దానికి చుట్టాలే, వాటితోనూ పడదు. రెడ్ టెయిల్ షార్క్ చిన్నప్పుడు సాధువులా ఉండి, పెరిగాక ట్యాంకు కింది సగమంతా నాదే అంటుంది. గప్పీ, ప్లాటీ, మోలీలలో గొడవ ఇంకో రకం. మగవి ఆడవాటిని వదలకుండా తరుముతాయి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేదా అన్నీ మగవే పెట్టుకోవాలి. అన్నీ ఆడవే తెచ్చుకుంటే పిల్లలు పుట్టవు కదా అనుకుంటారు. షాపులో మగవాటితో కలిసి ఉన్న ఆడ గప్పీ ఆ వీర్యాన్ని కొన్ని నెలల పాటు ఒంట్లో దాచుకుని, మగది లేకుండానే ఈనుతూ ఉంటుంది.

తర్వాత చూసుకోవాల్సింది ఎవరు ఏ ఎత్తులో తిరుగుతారో. పైన ఒకరు, మధ్యలో ఒకరు, అడుగున ఒకరు ఉంటే అదే ట్యాంకు విశాలంగా కనిపిస్తుంది, తగాదాలూ తక్కువ. అడుగుకు నా ఓటు కోరీలకే. చిన్న మీసాలతో ఇసుకను తవ్వుతూ, మొప్పల్లోంచి ఇసుకను వదులుతూ, పక్కపక్కనే ఆరేడు కలిసి ముందుకు సాగుతుంటాయి. గరుకు రాళ్ల మీద పెంచితే ఆ మీసాలు అరిగి, పుండ్లు పడతాయి. అందుకే వాటికి మెత్తటి ఇసుక పరవండి. అప్పుడప్పుడు ఒక కోరీ బాణంలా పైకి దూసుకెళ్లి ఒక గుక్క గాలి మింగి కిందికి వస్తుంది. ఆ గాలిని పేగుతో పీల్చుకుంటుంది, అది మామూలే. అన్నీ కలిసి పదేపదే పైకి వెళ్తుంటే మాత్రం నీళ్లు పరీక్షించండి. వాటిని వలతో పట్టొద్దు. రెక్కల్లోని ముళ్లు బిగుసుకుని వలలో చిక్కుకుంటాయి. నేను ప్లాస్టిక్ గ్లాసుతో పడతాను. ఇంకో మాట: కోరీ చెత్త ఊడ్చే చేప కాదు. పైవాళ్లు వదిలేసింది తిని బతుకుతుందని వదిలేస్తే చిక్కిపోతుంది. లైటు ఆర్పాక అడుగుకు మునిగే మేత బిళ్లలు వెయ్యండి.

ఎన్ని చేపలు పడతాయి? లీటరుకు ఇన్ని సెంటీమీటర్లు అనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది, దాన్ని నేను వాడను. చేప పొడవు రెట్టింపయితే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, మురికీ దాంతోపాటే పెరుగుతుంది. పది చిన్న చేపలూ ఒక పెద్ద చేపా పొడవులో సమానమైనా నీళ్లకు సమానం కావు. నేను నైట్రేట్ చూస్తాను, అంటే చేపల మురికి మారి చివరికి నీళ్లలో మిగిలే పదార్థం. వారానికి పావు వంతు నీళ్లు మారుస్తూ ఉన్నా, మార్చే ముందు నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటుతుంటే ట్యాంకు నిండిపోయిందని అర్థం. అప్పుడు కొత్త చేప వద్దు.

నా ట్యాంకు సంగతి చెబుతాను. పీహెచ్ 7.2, వేడి 25. మధ్యలో పది హార్లెక్విన్ రాస్బోరాలు, అడుగున ఎనిమిది బ్రాంజ్ కోరీలు, పైన తేలే మొక్కల కింద ఒక జత హనీ గౌరామీలు, చెక్క మొద్దు దగ్గర ఒక బ్రిసిల్‌నోస్ ప్లెకో. ఈ ప్లెకో 12, 15 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, అందుకే మామూలు ప్లెకో బదులు దీన్ని పెట్టుకున్నాను. కఠిన జలం ఉన్నవాళ్లు రాస్బోరాల చోట ప్లాటీలను వేసి ఇదే పద్ధతిలో వెళ్లొచ్చు. బ్రాంజ్ కోరీలు ఒక మాదిరి కాఠిన్యానికి సర్దుకుంటాయి. ఏంజెల్ మీద మనసుపడితే ట్యాంకు ఎత్తు కనీసం 45 సెంటీమీటర్లు ఉండేలా చూసుకుని, ఏంజెల్‌నే కేంద్రంగా పెట్టుకుని మిగతావాటిని ఎంచుకోండి. దాని నోట్లో పట్టని, రెక్కలు కొరకని చేపలే దాని పక్కన ఉండాలి. జత కట్టి గుడ్లు పెడితే సగం ట్యాంకును కాపలా కాస్తుందని కూడా తెలిసి ఉండాలి.

చేపలను వెయ్యడానికీ ఒక వరస ఉంది. ముందు ట్యాంకును సైకిల్ చెయ్యాలి, అంటే చేపల మురికిలోంచి వచ్చే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియాను ఫిల్టర్‌లో పెరగనివ్వాలి, దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపలు వద్దు. తర్వాత మొదటి గుంపు, రెండు వారాలాగి రెండో గుంపు. చోటు కోసం పోట్లాడే చేప ఏదైనా ఉంటే అది ఆఖరున రావాలి. ముందొచ్చినది ట్యాంకంతా తనదే అనుకుంటుంది. షాపులో పది నిమిషాలు నిలబడి చూడండి. రెక్కలు ముడుచుకున్నా, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నా, అదే తొట్టిలో చచ్చిన చేప ఉన్నా ఖాళీ చేతులతో తిరిగొచ్చేయండి. కొద్దిగా మేత వెయ్యమని అడగండి, తినే చేపనే తెచ్చుకోండి. తెచ్చాక మూడు వారాలు విడిగా ఒక చిన్న తొట్టిలో ఉంచండి. కవరులోని నీళ్లు మాత్రం ట్యాంకులో పోయొద్దు.

ఆ రాత్రి ఏంజెల్‌ను వేరు చేశాను, మిగిలిన ఆరు నియాన్లు చివరిదాకా మా దగ్గరే బతికాయి. ఆ టార్చి ఇప్పటికీ ట్యాంకు కింద అరలోనే ఉంటుంది. కొత్త చేప వచ్చిన మొదటి వారం రోజూ లైటు ఆర్పిన గంట తర్వాత ఒకసారి వెళ్లి చూస్తాను. పగలు మేత దగ్గర అన్నీ కలిసిమెలిసి ఉన్నట్టే ఉంటాయి. చీకట్లో ఎవరు ఎవరిని తరుముతున్నారు, ఎవరు పై మూలలో ఒంటరిగా నిలబడ్డారు, ఎవరి తోక అంచు పొద్దుటికన్నా చిరిగింది, ఇవి చూడండి. అలాంటిది కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆ చేపను విడి తొట్టిలోకి మార్చండి.