నార్తంబ్రియా రాజుల పట్టిక చిక్కుపడకుండా వేసుకోవడం ఎలా

ఇంగ్లండ్ ఉత్తర భాగాన ఉన్న ఆంగ్లో-సాక్సన్ రాజ్యం నార్తంబ్రియాలో 8వ శతాబ్దపు రాజుల పేర్లను వరుసగా బట్టీ పడితే ఏమీ అర్థం కాదు. ఒక పెద్ద కాగితం మీద అయిదు గడులు గీయండి: పేరు, తండ్రి, ఏలిన సంవత్సరాలు, గద్దె ఎలా పోయింది, తర్వాత ఎక్కడికి వెళ్లాడు. చివరి గడిని వదిలేయకండి, కథంతా అందులోనే ఉంది.

758 నుంచి మొదలుపెట్టండి. ఆ ఏడు ఎడ్‌బర్ట్ తనంతట తానే యార్క్‌లో మఠం చేరి, రాజ్యాన్ని కొడుకు ఓస్‌వుల్ఫ్‌కి అప్పగించాడు. ఏడాది తిరక్కుండానే ఇంటి పరివారమే ఓస్‌వుల్ఫ్‌ను చంపింది. ఇక తండ్రి గడి చూసి రంగులు వేయండి. ఎడ్‌బర్ట్ వంశానికి నీలం: ఓస్‌వుల్ఫ్, అతని కొడుకు ఆల్ఫ్‌వాల్డ్. మోల్ వంశానికి ఎరుపు: ఏథెల్‌వాల్డ్ మోల్, అతని కొడుకు ఏథెల్‌రెడ్. మూడోది ఆకుపచ్చ: ఆల్‌రెడ్, అతని కొడుకు ఓస్రెడ్. 759, 765, 774, 779, 788, 790: గద్దె మారిన ప్రతిసారీ రంగు మారుతుంది. ఏథెల్‌రెడ్‌కి రెండు వరుసలు తప్పనిసరి (774–779, 790–796). ఒకే వరుసలో కలిపేస్తే మధ్యలో ఏలిన ఇద్దరికీ చోటుండదు.

తండ్రి గడి ఒక్కటే చాలదు. ఓస్రెడ్ ఆల్ఫ్‌వాల్డ్‌కి మేనల్లుడు కూడా. అందుకే ఆకుపచ్చ గడి నుంచి నీలం గడికి ఒక గీత గీయాలి.

నడినెత్తి గొరిగించి సన్యాసిగా మార్చారని కనబడగానే "కథ ముగిసింది" అని రాసేయకండి. 731లో అప్పటి నార్తంబ్రియా రాజు చియోల్‌వుల్ఫ్‌కి అలా చేశాక కూడా మళ్లీ గద్దె దక్కింది. ఓస్రెడ్‌ని 790లో యార్క్‌లో గొరిగించి వెళ్లగొడితే మాన్ దీవికి పోయాడు. పెద్దల ప్రమాణాలు నమ్మి 792లో తిరిగొచ్చాడు, సైనికులే వదిలేయడంతో పట్టుబడి హతుడయ్యాడు. ఇంత క్రూరమైన రాజకీయంలో ప్రవాసాన్ని విరామంగానే చూడాలి.

ఎక్కువమంది తడబడేది తేదీల దగ్గర. ఏడాదివారీగా రాసిన పాత ఇంగ్లిష్ చరిత్ర ఆంగ్లో-సాక్సన్ క్రానికల్‌లో ఈ కాలపు పద్దులు చాలావరకు అసలు ఏడుకన్నా రెండేళ్లు ముందు తేదీతో ఉన్నాయి. ఏథెల్‌రెడ్ హత్యనూ, దక్షిణాన పొరుగు రాజ్యమైన మెర్సియా రాజు ఓఫా మరణాన్నీ అది 794 కింద రాస్తుంది. రెండూ నిజానికి 796లో జరిగాయి. క్రానికల్ ప్రతుల్లో 795 కింద ఉన్న మార్చి 28 చంద్రగ్రహణం కూడా 796లోదే. పద్దులో గ్రహణం ఉంటే ముందు ఆ లెక్క సరిచూసుకోండి, మిగతావి దాన్నిబట్టి సర్దుకుంటాయి.

796లో ఏథెల్‌రెడ్ తర్వాత వచ్చిన ఓస్‌బాల్డ్ ఏలింది 27 రోజులే, సన్నని వరుస చాలు. తర్వాతి ఏర్డ్‌వుల్ఫ్‌ని 806లో తరిమేశారు. అతని గురించి ఆ కాలపు ఇంగ్లండ్ రాతలు అక్కడితో ఆగిపోతాయి. 808లో అతను పశ్చిమ యూరప్‌ను ఏలుతున్న ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ దగ్గరికి వెళ్లాడనీ, చక్రవర్తి దూతలూ పోప్ దూతలూ వెంటవచ్చి గద్దెనెక్కించారనీ ఫ్రాంకుల వార్షిక పద్దులే చెబుతాయి. అందుకే ఏర్డ్‌వుల్ఫ్‌కీ రెండో వరుస వేసి, దాని పక్కన "ఫ్రాంకుల సాక్ష్యం" అని పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.