మిలట్రీలో ఉన్న తమ్ముడికి: మన సంగతి ఎంత దాచాలి, ఎలా దాచాలి

నాది నరసన్నపేట దగ్గర పల్లె. 2002లో సైన్యంలో చేరాను. పదిహేడేళ్లు డ్రైవర్‌గా చేసి, 2019లో హవల్దార్‌గా పింఛను తీసుకుని ఇంటికొచ్చాను. అందులో పదమూడేళ్లు నాకొక మనిషి ఉన్నాడు. ఇప్పటికీ ఉన్నాడు. పేరు రాయను, ఊరు మాత్రం విజయనగరం. 2006లో సెలవు మీద వచ్చి సిరిమాను చూడ్డానికి వెళ్తే, కోట దగ్గర తొక్కిసలాటలో నా చెప్పు తెగిపోయింది. పక్కనున్నవాడు తన చెప్పులు నాకిచ్చి ఒట్టికాళ్లతో నడిచాడు. వాడే.

మొన్నామధ్య ఆమదాలవలస స్టేషన్లో టీ తాగుతూ ఒక అగ్నివీర్ కుర్రాడు నన్ను అడిగాడు, "అన్నా, నువ్వెలా నెట్టుకొచ్చావు?" అని. ఎక్కే బండి వచ్చేసింది, సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను చేసిన తప్పులే ఇందులో ఎక్కువ.

చట్టం దగ్గర మొదలెడదాం, చాలామంది పొరబడేది అక్కడే. మగవాడు ఇంకో మగవాడితో ఉండటం నేరమా కాదా అన్నది నా సర్వీసులోనే మూడుసార్లు మారింది. 2009లో ఢిల్లీ హైకోర్టు నేరం కాదంది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ నేరమే అంది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉంటే శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ వర్తించదని తేల్చింది. ఆ సాయంత్రం మా వంటశాల లంగర్‌లో టీవీలో ఆ వార్త వస్తుంటే చుట్టూ ఒకటే నవ్వులు. నేను తల వంచుకుని రొట్టె తింటూనే ఉన్నాను, పప్పు వేసుకోవడం మాత్రం మర్చిపోయాను. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయసంహితలో అసలు ఆ సెక్షనే లేదు.

అయితే అదంతా గేటు బయట సంగతి. గేటు లోపల 1950 నాటి ఆర్మీ చట్టం ఉంది. అందులో 46వ సెక్షన్ "అసభ్య, అసహజ" ప్రవర్తన గురించి చెబుతుంది, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. 63వ సెక్షన్ క్రమశిక్షణ గురించి, దాని కిందికి ఏదైనా లాగొచ్చు. ఆఫీసర్లకూ, వాళ్ల కింద సుబేదార్ స్థాయి జేసీఓలకూ అదనంగా 45 ఉంది. సైనికుల హక్కులకు పార్లమెంటు హద్దులు పెట్టవచ్చని రాజ్యాంగం 33వ అధికరణమే చెబుతోంది. 2019 జనవరిలో అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ విలేకరుల ముందు, సైన్యంలో ఇది కుదరదని నేరుగానే అన్నారు. కాబట్టి "సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా" అని బ్యారక్‌లో నోరు జారకు. బయట నేరం కానిదాని మీద లోపల ఉద్యోగం పోవచ్చు.

ఇక దాచడం. దాచడమంటే కథ అల్లడమనుకున్నాను నేను. అక్కడే దెబ్బతిన్నాను.

రోజూ రాత్రి అతను ఫోన్ చేసేవాడు. ఎవరని అడిగితే "మా చిన్నబావ" అన్నాను. బావ అయితే వేళాకోళాలు ఉంటాయి, నవ్వులుంటాయి, ఎంతసేపు మాట్లాడినా ఎవరూ పట్టించుకోరని నా లెక్క. రెండేళ్లు బాగానే నడిచింది. తరవాత యూనిట్‌కి టెక్కలి నుంచి ఒకడు పోస్టింగ్ మీద వచ్చాడు. వాడి మేనత్తను మా ఊళ్ళోనే ఇచ్చారు. మన జిల్లాలో చుట్టరికం తవ్వడానికి ఎంతసేపు పడుతుంది? మూడో రోజుకే "నీకు ఒక్కతే అప్ప కదా, మరి ఈ చిన్నబావ ఎవరు?" అని పదిమందిలో అడిగాడు. పెదనాన్న కూతురి మొగుడని బుకాయించాను. ఆ సెలవుకి వాడు మా ఇంటికొచ్చి మా అమ్మనే అడిగాడు. అమ్మ తెల్లమొహం వేసింది. నెలల తరబడి టెన్షన్.

తరవాత నేర్చుకున్నది ఏమిటంటే, "విజయనగరంలో ఫ్రెండు" అంటే చాలు. అది నిజం. నిజానికి జ్ఞాపకశక్తి అక్కర్లేదు. ఎవడైనా ఇంకా తవ్వితే వాడి ఇంటి సంగతి అడుగు. సైనికుడికి ఇంటి గురించి మాట్లాడటం కంటే ఇష్టమైనది ఇంకోటి లేదు, నీ సంగతి మర్చిపోతాడు. లేని గర్ల్‌ఫ్రెండ్‌ని పుట్టించకు. ఆమెకు పేరు పెట్టాలి, ఊరు పెట్టాలి, చివరికి ఏదో రోజు ఆమెకు వేరే పెళ్ళి చేసేయాలి. ఆ పెళ్ళి రోజు నువ్వు ఏడ్చినట్టు కూడా నటించాలి. నేను చేశాను. మా బ్యారక్ అంతా నన్ను ఓదార్చి రమ్ పోశారు. సిగ్గుగా ఉంటుంది ఇప్పటికీ.

బ్యారక్ లోపల ఒకటే నియమం: ఏమీ వద్దు. లైన్లలో ఎవరితోనూ, ఎంత నమ్మకమున్నా, ఏమీ వద్దు. నీ కింది ర్యాంకు వాడితో అసలే వద్దు. వాడు నవ్వుతూ ఊ అన్నా అది ఊ కాదు, నీ భుజం మీది పట్టీలను చూసి అన్నాడు. ఈ ఒక్క విషయంలో నాకు జాలి లేదు.

ఉత్తరాల కాలంలో మాకొక పద్ధతి ఉండేది. 56 ఏపీఓకి, అంటే ఆర్మీ పోస్టాఫీసుకి, వచ్చే ఇన్‌లాండ్ లెటర్‌ని ఎవరు చదువుతారో తెలీదు, పక్కవాడు సరదాకి లాక్కుని గట్టిగా చదివేస్తాడు కూడా. అందుకని జీడిపిక్కల ధర రాసుకునేవాళ్లం. ధర పెరిగిందంటే బెంగగా ఉందని. బాగా పెరిగిందంటే త్వరగా రమ్మని. ఒకసారి ఆ ఉత్తరం ట్రంకులో ఇంటికొచ్చింది, అమ్మ మా మేనల్లుడి చేత చదివించుకుంది. పలాస బజారులో ధర బాగా పెరుగుతోందని అందులో ఉంది కదా, ఇంట్లో ఉన్న రెండు బస్తాలు అమ్మకుండా ఆపేసింది. నిజానికి ఆ ఏడు ధర పడిపోయింది. నష్టం నేనే మనియార్డరు పంపి తీర్చాను, ఎందుకు పంపానో ఆవిడకి ఈరోజుకీ తెలీదు.

ఇప్పుడు నీ చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, కష్టం ఎక్కువైంది. 2020 జూలైలో సైన్యం 89 యాప్‌లు తీసేయమంది, వాటిలో డేటింగ్ యాప్‌లూ ఉన్నాయి. నిషేధం ఉన్న యాప్ దొరికితే నీ గుట్టు కంటే ముందు ఆ తప్పే నిన్ను పట్టిస్తుంది. ఇద్దరి ఫోటోలు ఫోన్లో ఉంచకు. ఉంచినా అవి ఇంట్లో పిల్లల ట్యాబ్‌లోకి తమంతట తాము వెళ్ళిపోకుండా సింక్ ఆపెయ్. ముక్కూమొహం తెలియనివాడు ఆన్‌లైన్‌లో తీపిగా మాట్లాడి, నాలుగో రోజు "పోస్టింగ్ ఎక్కడ?" అని అడిగితే, వాడు ప్రేమించడానికి రాలేదు. బ్లాక్ చెయ్. బెదిరించి డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా వెయ్యకు, వేస్తే రెండోసారి అడుగుతాడు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్.

సెలవులో ఎక్కడ కలవాలి అనేది అందరి ప్రశ్న. మాకు ఏడాదికి అరవై రోజుల యాన్యువల్, ముప్పై రోజుల క్యాజువల్ ఉండేవి. అగ్నివీర్‌కి ముప్పై రోజులే, పాపం. శ్రీకాకుళం లాడ్జీల్లో వద్దు. ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడితే పది నిమిషాల్లో మీ ఊరివాడు ఒకడు కనబడతాడు, ఆ క్రాపు చూసి మిలట్రీవాడని మిగతావాళ్లకీ తెలిసిపోతుంది. రెండు రోజులు ముందు దిగి విశాఖలో ఉండిపోయి, తరవాత ఇంటికొచ్చే ఉపాయం నేనూ చేశాను. ఆర్టీసీ కాంప్లెక్సులో మా పెదమావయ్య ఎదురయ్యాడు. అంతటితో అది సరి.

చివరికి కుదిరింది ఏమిటో తెలుసా? అతన్ని ఇంటికే తీసుకొచ్చాను. వరికోతలకి వచ్చాడు, కుప్ప వేశాడు, మా నాన్నతో కలిసి చుట్ట కాల్చాడు. మన దగ్గర ఆడపిల్లని బండెక్కించుకుంటే ఊరంతా అడుగుతుంది, మగాణ్ణి ఎక్కించుకుంటే పెట్రోలు ఎవరు పోయించారని కూడా అడగరు. అరుగు మీద రెండు మంచాలు వేసుకుని పడుకుంటే ఎవరికీ ఏమీ అనిపించదు. దాక్కుంటేనే వెతుకుతారు.

ఇప్పుడు అసలు సంగతి. 2011 ఫిబ్రవరిలో కొండదారిలో మంచు మీద నా త్రీటన్ను లారీ జారి పక్కకు ఒరిగింది. భుజం ఎముక విరిగింది, తలకి కుట్లు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, ఫోన్ ఆ లోయలోనే పోయింది. యూనిట్ ఇంటికి కబురు చేసింది, అది పద్ధతి. ఇంటివాళ్ల పేర్లు రాసిపెట్టే కిండ్రెడ్ రోల్‌లో ఎవరి పేర్లు ఉంటే వాళ్లకే చేస్తారు. అతనికి ఎవరు చెబుతారు? నాలుగు రోజులు నా నంబరుకి చేసి చేసి, అయిదో రోజు మా ఇంటికి చేశాడు. అమ్మ ఏడుస్తూ ఉంది, "నువ్వెవరు బాబూ" అని అడిగితే అతనికి నోట మాట రాలేదట. పెట్టేశాడు. నేను బతికే ఉన్నానని పన్నెండో రోజుకి గానీ అతనికి తెలియలేదు. ఆ ఏడు రోజులూ పేపర్లో జవాన్ల పేర్లు వెతుక్కున్నాడు.

అందుకే నీకు చెబుతున్నాను: ఎంత దాచినా ఒక్క మనిషికి మాత్రం చెప్పు. కబురు వచ్చే ఇంట్లో మనిషికే చెప్పాలి. ఆ సెలవులో నేను మా అప్పకి చెప్పాను, శ్రీముఖలింగం గుడి వెనక, వంశధార గట్టు మీద. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అన్నం తిన్నాడా ఆ ఏడు రోజులూ?" అని అడిగింది. అంతే. అతని నంబరు ఆవిడ పసుపు డబ్బా మూతకి లోపల రాసి పెట్టుకుంది. నీకు అలాంటి అప్ప లేకపోతే ఒక స్నేహితుణ్ణి వెతుక్కో, కానీ యూనిట్‌లోవాడు వద్దు. తాగినప్పుడు మంచివాడు కూడా చెప్పేస్తాడు.

కాగితాలు. యూనిట్‌లో నింపేవాటిలో అమ్మానాన్నల పేర్లే ఉండనీ, గొడవపడకు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు మనలాంటివాళ్ల పెళ్ళికి చట్టం హక్కు ఇవ్వడం లేదని చెప్పింది కాబట్టి, ఫ్యామిలీ పింఛను అతనికి రాదు. కానీ బ్యాంకు ఖాతా వేరు. జాయింట్ ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్రమే స్పష్టం చేసింది. నామినీ అంటే డబ్బు చేతికి అందుకునేవాడు, సొంతదారు కాదు. అందుకని సొంత సంపాదనకి వీలునామా రాయి. తెల్లకాగితం చాలు, నీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రాయించుకునేవాణ్ణే సాక్షిగా పెట్టకు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే రేపు తగువు తగ్గుతుంది. "ఫ్రెండుకి అప్పున్నాను" అని గుమాస్తాతో అంటే ఇంకేమీ అడగడు.

పెళ్ళి గురించి. వాయిదాలు ఎన్నయినా వెయ్యొచ్చు. చెల్లి పెళ్ళి కానీ, స్లాబు పడనీ, ప్రమోషన్ క్యాడర్ కోర్సు అవనీ. ఒక్కొక్కటీ రెండేళ్లు పనిచేస్తుంది. అగ్నివీర్‌కి నాలుగేళ్లు పెళ్ళి కూడదనే నిబంధన ఉంది, వాడుకో. ముప్పై అయిదు దాటితే ఊరే విసిగి వదిలేస్తుంది, మా అమ్మ మాత్రం నా జాతకంలో కుజదోషం ఉందని నమ్మింది, నేను కాదనలేదు. కానీ నోరు మూయించడానికి ఒక ఆడపిల్ల మెడలో తాళి కట్టకు. మా బ్యాచ్‌లో ఒకడు కట్టాడు. సెలవు దగ్గర పడుతుంటే అందరూ ఎగిరి గంతేస్తే, వాడు డ్యూటీ అడిగి వేయించుకునేవాడు. ఆ అమ్మాయి తనలోనే ఏదో లోపం ఉందనుకుని గుళ్ళచుట్టూ తిరిగింది, ఆరేళ్లు. నీ గుట్టుకి అద్దె నువ్వే కట్టాలి.

రిటైరై వచ్చాక శ్రీకాకుళంలో ఇల్లు అద్దెకి వెతికాం. ఇద్దరు మగాళ్లంటే ఓనర్లు మొహం చిట్లిస్తారు, బ్యాచిలర్లని. ఎక్స్‌సర్వీస్‌మన్ కార్డు బల్ల మీద పెట్టి, రెండు నెలల అడ్వాన్సు ఒకేసారి ఇచ్చాను. "ఆయన?" అని అడిగారు. ఫ్రెండని చెప్పాను, అలవాటుగా. ఇప్పుడు ఓనరమ్మ పనసపొట్టు కూర చేసినప్పుడల్లా ఇద్దరికీ కలిపి ఒకే గిన్నెలో పంపుతుంది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, అతను అందులో గుప్పెడు జీడిపప్పు పోసి ఇస్తాడు.