షేరింగ్ ఇంటి నుంచి బయటికి వస్తూ మీ వాటా అడ్వాన్సు తెచ్చుకోవడం ఎలా?

తిరుపతి బైరాగిపట్టెడలో నలుగురం కలిసి అద్దెకున్న ఇంటి నుంచి నేనొక్కడినే బయటికి వచ్చేటప్పుడు నాకు రావలసింది పదివేల రూపాయలు. ఓనరును అడిగితే, "మిగతా ముగ్గురూ ఉన్నారు కదా బాబూ, అందరూ ఖాళీ చేసినప్పుడు చూద్దాం" అన్నారు. ఇంట్లో మిత్రులను అడిగితే, "అడ్వాన్సు ఓనరు దగ్గరుంది, మా దగ్గర ఎక్కడిది?" అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నా డబ్బు మాత్రం ఇద్దరి మధ్యా చిక్కుకుపోయింది. రెండు నెలలు తిరిగాక ఎనిమిది వేలు చేతికొచ్చింది. మిగతా రెండు వేల కథ కింద సున్నం దగ్గర చెబుతాను.

కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తే లెక్క ఓనరుకూ ఆ కుటుంబానికీ మధ్యే. షేరింగ్‌లో అలా కాదు. ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఉంటారు, మీ స్థానంలోకి రాబోయే కొత్తవాడు ఉంటాడు. నిజానికి మీ డబ్బు చాలాసార్లు ఆ కొత్తవాడి జేబులోంచే వస్తుంది. ఓనరు చుట్టూ తిరిగే ముందు ఇది గుర్తుంచుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

మొదటి పని: డబ్బు ఎవరి దగ్గరుందో తేల్చుకోండి

అగ్రిమెంటు బయటికి తీసి ఎవరి పేరుందో చూడండి. మన ఊళ్లో చాలా అగ్రిమెంట్లు పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఉండటం వల్ల వచ్చిన అలవాటు ఇది. పదకొండు నెలల కాగితమైనా అడ్వాన్సు ఎంత, ఎవరు ఇచ్చారు అన్నదానికి అదే ఆధారం.

కాగితం మీద ఒక్కరి పేరే ఉంటే ఓనరు బాకీ పడింది ఆ ఒక్కరికే. మీ వాటా ఆయన ద్వారా వెళ్లింది కనుక మీరు అడగవలసిందీ ఆయననే. నలుగురి పేర్లూ ఉంటే అడిగే హక్కు నలుగురికీ ఉమ్మడిగా ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 45వ సెక్షన్ చెప్పేది ఇదే. అందుకే ఓనరు "నలుగురూ సంతకం పెట్టి అడగండి" అంటే అది కుంటిసాకు కాదు.

మూడో రకం ఎక్కువగా కనిపిస్తుంది. మీరు మధ్యలో చేరారు, అప్పటికి వెళ్లిపోతున్నవాడికి పదివేలు ఇచ్చి ఆ మంచం తీసుకున్నారు. ఓనరుకు మీ ఇంటిపేరు కూడా తెలియకపోవచ్చు. అప్పుడు మీ డబ్బు ఓనరు దగ్గరకు వెళ్లనేలేదు, ముందువాడితోనే వెళ్లిపోయింది. మీకు దారి ఒకటే, మీ తర్వాత వచ్చేవాడు. ఆనాడు మీరు పంపిన యూపీఐ చెల్లింపు, "అడ్వాన్సు వాటా ముట్టింది" అన్న మెసేజ్ ఉంటే ఇప్పుడే వెతికి దాచుకోండి. లేకపోతే ముందువాడికి ఫోను చేసి ఒక్క వాక్యం రాసి పంపమని అడగండి. స్నేహం ఉన్నప్పుడు అడిగితే అర నిమిషం పని.

రెండో పని: నోటితో కాదు, రాసి చెప్పండి

అగ్రిమెంటులో ఒక నెల ముందు చెప్పాలని ఉంటే అంతే చెప్పాలి. ఏమీ రాసుకోకపోతే, నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ పదిహేను రోజుల నోటీసు చాలంటుంది. అయినా షేరింగ్‌లో నెల రోజులు ఇవ్వడమే తెలివి. అది ఓనరు కోసం కాదు, మీ స్థానంలోకి మనిషిని వెతుక్కోవడానికి. ఓనరుకూ ఇంట్లోవాళ్లకూ ఒకే రోజు మెసేజ్ పెట్టండి. ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్కారం సార్. నేను వచ్చే నెల 30న మీ ఇంటి నుంచి వెళ్తున్నాను. మిగతా ముగ్గురు ఉంటారు. నా వాటా అడ్వాన్సు రూ.10,000. నా బదులు వచ్చే వ్యక్తిని మీకు పరిచయం చేస్తాను. అతను నా వాటా నాకు ఇచ్చేలా మీ అనుమతి కోరుతున్నాను. దయచేసి సరేనని ఒక్క మాట రాయండి."

ఆ చివరి వాక్యం ముఖ్యం. ఓనరు ఫోను చేసి "అలాగే బాబూ" అంటే, "సార్, ఇప్పుడు మీరు ఫోనులో సరేనన్నారు, సంతోషం" అని మీరే తిరిగి రాయండి.

తేదీ దగ్గర ఒక మాట. శుక్రవారం ఖాళీ చేస్తాననకండి, డబ్బూ అడగకండి. మంగళవారమూ అంతే. ఆ రోజుల్లో లక్ష్మిని ఇంట్లోంచి పంపకూడదనే ఓనరమ్మతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు. సాయంత్రం దీపం పెట్టాక కూడా అడగవద్దు. బుధవారమో గురువారమో పొద్దున కాఫీ వేళకు వెళ్లండి. ఇంకొకటి, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు తిరుపతిలో సామాన్లు మార్చే సాహసం చేయవద్దు.

మూడో పని: కొత్తవాడి డబ్బు నేరుగా మీకే రావాలి

నేను తప్పు చేసింది ఇక్కడే. నా బదులు ఒక కుర్రవాడిని వెతికి తెచ్చాను. ఓనరు అతని దగ్గర పదివేలు తీసుకుని, "నువ్వు వెళ్తున్నావు కాబట్టి సున్నానికి రెండు వేలు" అని పట్టుకుని ఎనిమిది నాకిచ్చారు. ఆ పదివేలు నేరుగా నాకు వచ్చి ఉంటే కోత మాటే వచ్చేది కాదు. అసలు అడ్వాన్సు నలభై వేలూ ఓనరు దగ్గర కదలకుండా ఉన్నాయి. మారింది మనిషే.

అందుకని కొత్తవాడిని తెచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లు అతన్ని చూసి సరేనన్నారా అని మొదట అడగండి. వంటలో వాటా వేసుకుంటాడా, రాత్రి డ్యూటీ ఉందా వంటివి వాళ్లే మాట్లాడుకుంటారు. తర్వాత ఓనరుకు పేరు చెప్పి, ఆధార్ నకలు ఇప్పించండి. ఆ తర్వాతే డబ్బు. అతను మీకు పంపే యూపీఐలో "అడ్వాన్సు వాటా" అని రాయమనండి. మీరు ఇంటి వాట్సాప్ గ్రూపులో, అతన్ని కూడా చేర్చి, "నా వాటా పదివేలు ఇతని నుంచి ముట్టింది, ఇకపై ఆ వాటా ఇతనిది" అని రాయండి. ఇది మీకెంత రక్షణో అతనికీ అంతే.

కాలేజీలు తెరిచే రోజుల్లో యూనివర్సిటీ, రుయా ఆసుపత్రి చుట్టుపక్కల మనిషి దొరకడం కష్టం కాదు. మిగతా రోజుల్లో ఆలస్యమవుతుంది. మనిషి దొరకని నెల మీ వాటా అద్దె ఎవరు కట్టాలన్నది ముందే తేల్చుకోండి. నెల ముందు చెప్పి వెళ్తుంటే ఆ తర్వాతి అద్దె బరువు మీ మీద ఉండకూడదు. చెప్పకుండా వెళ్తుంటే ఒక నెల వాటా వదులుకోవడం ధర్మం.

"చివరి నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోండి" అనే ఉపాయం ఇక్కడ పనికిరాదు. ఇల్లంతా ఖాళీ అయ్యేటప్పుడు ఓనరు ఒప్పుకుంటే బాగానే ఉంటుంది. ఒక్కరే వెళ్తూ అద్దె ఎగ్గొడితే ఆ లోటు నెత్తిన పడేది మిగిలిన ముగ్గురికే.

నాలుగో పని: కరెంటు, గ్యాసు లెక్క

కరెంటు బిల్లు వాడుకున్న తర్వాత వస్తుంది. మీరు వెళ్లిన తర్వాత వచ్చే బిల్లులో మీరున్న రోజులూ ఉంటాయి. వెళ్లే రోజు మీటరు రీడింగును తేదీ తెలిసేలా ఫొటో తీయండి. ఉదాహరణకు పాత బిల్లు రూ.1,840 బాకీ ఉంటే మీ వాటా 460. తర్వాతి బిల్లుకు అందాజుగా ఇంకో 300 ఇచ్చి "ఇంతటితో సరి" అనుకోవడం మేలు. పైసా పైసా తేల్చుకోవాలనుకుంటే బిల్లు వచ్చేదాకా మీ పదివేలూ ఆగుతాయి.

గ్యాసు కనెక్షను మీ పేరున ఉంటే ఏజెన్సీలో సరెండరు చేసి, ఆ డిపాజిట్టు తీసుకోండి. ఇంటర్నెట్టు మీ పేరున ఉంటే వెళ్లకముందే మార్పించండి. లేకపోతే బిల్లులు మీ ఫోనుకే వస్తుంటాయి. కలిసి కొన్న ఫ్రిజ్‌లో వాటాకు ఇప్పుడు పాతవస్తువు ధరే అడగాలి. మిగిలిన బియ్యం, చింతపండు, ఆవకాయ జాడీ మాత్రం లెక్కలోకి తేకండి.

ఐదో పని: సున్నం, మేకులు, మరకలు

అడ్వాన్సు గొడవల్లో ఎక్కువ భాగం గోడల దగ్గరే పుడుతుంది. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి. మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు మాత్రం మినహాయింపు ఉంది. మూడేళ్లకు వెలిసిన రంగు అరుగుదల. టేపుతో పాటు ఊడొచ్చిన రంగు, పగిలిన వాష్ బేసిను మీ బాధ్యత. కుళాయిల మీద బోరు నీళ్ల తెల్ల మరకలు అరుగుదలే అయినా నిమ్మకాయో వెనిగరో వేసి రుద్దితే పోతాయి. దానికి వాదన ఎందుకు?

అగ్రిమెంటులోనే "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె" అని రాసి సంతకం పెట్టి ఉంటే తప్పించుకోవడం కష్టం. అయితే ఇల్లు ఖాళీ అయినప్పుడు అనే కదా ఉంది, ఒకరు వెళ్లినప్పుడు అని కాదు కదా అని అడగవచ్చు. మీరు వెళ్లిన మర్నాడే రంగులు వేయరు. అవి వేసేది అందరూ వెళ్లాకే. ఆ ఖర్చు మీ వాటా తీసుకున్న కొత్తవాడితో సహా అప్పటి నలుగురి మీద పడుతుంది. నా దగ్గర సున్నానికి పట్టుకున్న రెండు వేల సంగతి చెబుతానన్నాను కదా. ఎనిమిది నెలల తర్వాత పాత మిత్రుణ్ని చూడటానికి వెళ్తే, నా క్యాలెండరు మేకు, దాని కింద నూనె తల మరక అక్కడే క్షేమంగా ఉన్నాయి.

ఓనరు కోత చెబితే కోపం తెచ్చుకోకుండా, "పనివాడి బిల్లు ఇవ్వండి సార్, నా వాటా నేను ఇస్తాను" అనండి. బిల్లు అడిగితే చాలా కోతలు అక్కడే ఆగిపోతాయి. వెళ్లే రోజు ఓనరునో ఓనరమ్మనో పిలిచి, మీ గది, మంచం, బీరువా, ఫ్యాను, స్విచ్చులు చూపించి వీడియో తీయండి. చేరినప్పటి ఫొటోలుంటే పక్కన పెట్టి చూపించండి.

ఆరో పని: సంతకం డబ్బుతో పాటే, తాళం ఆపకుండా

డబ్బు అందకముందే "నాకు రావలసినదంతా ముట్టింది" అని సంతకం పెట్టవద్దు. సాయంత్రం వేస్తామంటే సంతకమూ సాయంత్రమే. తాళం మాత్రం ఆపకండి. ఆపితే మీరింకా ఖాళీ చేయలేదని అద్దె లెక్కేసే వీలుంటుంది. తాళం ఇచ్చి, ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో వెంటనే మెసేజ్ పెట్టండి.

ఏడో పని: ఇవ్వకపోతే

పోలీసుల దగ్గరికి పరుగెత్తకండి. ఇది సివిల్ తగాదా అని తిప్పి పంపడమే ఎక్కువ. మొదట వారం గడువిచ్చి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. పని కాకపోతే ఒక పేజీ ఉత్తరం రాయండి. చేరిన తేదీ, ఇచ్చిన మొత్తం, వెళ్లిన తేదీ, రావలసినది, పదిహేను రోజుల గడువు ఉంటే చాలు. బెదిరింపులు, పాత కోపాలు వద్దు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు రుజువు దాచుకోండి.

అప్పటికీ కదలకపోతే లాయరు ఫీజుకు భయపడి పదివేలు వదిలేయనక్కర్లేదు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, తిరుపతి కోర్టు ప్రాంగణంలో మండల స్థాయి సమితి ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైను 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. ఒప్పుకున్నాక లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఓనరు మీదే కాదు, డబ్బు దగ్గర పెట్టుకున్న పాత మిత్రుడి మీద కూడా ఇలాగే వెళ్లవచ్చు. డబ్బు వసూలుకు దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు. "వచ్చే నెల, వచ్చే నెల" అంటూ ఆ గడువు కరిగిపోనివ్వకండి.

వాట్సాప్ మాటలు సాక్ష్యమా అని చాలామంది అడుగుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం సాక్ష్యమే, ఆ రికార్డు అసలుదేనని చెప్పే ధ్రువపత్రం దానికి జత చేయాలి. ఫోను మార్చినా పాత చాట్ చెరపకండి.

భోజనంతో కూడిన పీజీ హాస్టలు అయితే దారి వేరు. అది సేవ కిందికి వస్తుంది కనుక వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 1915 హెల్ప్‌లైను ఉంది, ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు.

కొందరు "రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని చట్టముంది" అని ఓనరుతో వాదిస్తారు. అది 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోని మాట. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. దాన్ని పట్టుకుని గొడవకు దిగేకంటే మీ మెసేజులనే నమ్ముకోండి.

డబ్బు ఖాతాలో పడ్డాక "ముట్టింది, లెక్క సరి" అని ఇంటి గ్రూపులో ఒక మాట రాసి, అప్పుడు గ్రూపులోంచి బయటికి రండి. అలిగి ముందే వెళ్లిపోతే మీ వెనక ఏ లెక్క రాసుకున్నారో మీకు తెలియదు.