కంచెకి మందార వద్దు, వాక్కాయ పెట్టండి

పచ్చగా ఉంటుందని మందార కంచె వేస్తుంటారు గానీ, ఎండలు ముదిరితే దానికి పిండినల్లి పట్టుకుంటుంది, ఇక మందు కొడుతూ కూర్చోవాలి. కావలి, సింగరాయకొండ వైపు ఎర్రనేలలకి వాక్కాయే నయం. ఏడాది పొడవునా ఆకు నిలుస్తుంది, తెగుళ్లు తక్కువ. జంట ముళ్లు, తుంచితే పాలు కారే కొమ్మలు, మేకలు కూడా జంకుతాయి. పండిన కాయల్లోంచి తీసిన గింజని దాచకుండా వెంటనే మట్టి నింపిన సంచుల్లో విత్తండి, పాతబడితే సరిగా మొలవదు. మరుసటి ఏడు అక్టోబరులో ఈశాన్య వానలు పట్టగానే ఆ మొక్కల్ని 2 అడుగులకొకటి నాటి, మొదటి వేసవి నీళ్లు పోస్తే చాలు. నీరు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు. కత్తిరింపు కాయలు కోశాకే. ముందే కత్తిరిస్తే పప్పులోకి వాక్కాయలుండవు, మా ఇంట్లో అయితే గొడవే!